శిఖరానికి ముందు శిక్షణకు సాయం చేయండి

సంపాదకులకు నమస్కారం.

కిలిమంజారో, ఎవరెస్టు ఎక్కుతామంటూ మన జిల్లా యువకులు కొందరు ఫైలు చేతపట్టుకుని దాతల చుట్టూ తిరుగుతున్నారు. ఇచ్చేవాళ్లు చెక్కు ఇచ్చి, శాలువా కప్పి పంపిస్తున్నారు. మంచు మీద నడక, తాడు ముడులు ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవారు తక్కువ. నా బాధంతా అదే.

2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రవాడు ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అంతకుముందు వాళ్లు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి తర్ఫీదు పొందారు. మనం శిఖరాన్నే గుర్తుపెట్టుకున్నాం.

కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. కళింగపట్నం సముద్రపు ఒడ్డున దొరికే ప్రాణవాయువులో అక్కడ దొరికేది దాదాపు సగమే. 8,849 మీటర్ల ఎవరెస్టు మీదైతే మూడో వంతు. మూడు వేల మీటర్లు దాటాక ఏ రాత్రీ ముందటి రాత్రి కంటే అయిదు వందల మీటర్లకు మించిన ఎత్తులో పడుకోకూడదంటారు. తలనొప్పినీ వాంతులనూ దాచుకుని ఇంకా పైకి వెళ్తే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరవచ్చు. అప్పుడు ప్రాణం నిలవాలంటే వెంటనే కిందికి దిగాలి. చందాలతో వెళ్లినవాడికి ఆ దిగడమే అన్నింటికంటే కష్టం. ఊరంతా ఫొటో కోసం ఎదురుచూస్తోందన్న బరువు వాడి మీద ఉంటుంది. ఆ బరువు పెట్టింది మనమే.

మందస నుంచి కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒడిశాలో ఉన్నా మనకు దగ్గరే. ఎక్కితే కాళ్లకు బలం వస్తుంది కానీ పలుచని గాలి అలవాటు కాదు. అందుకు హిమాలయాలకు వెళ్లాల్సిందే. తాడు పని, బండ ఎక్కడం మాత్రం ఇక్కడే నేర్పవచ్చు. ఆమదాలవలస ప్రాంతంలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచారు. నేర్పేవారు దగ్గర్లో ఉంటే మన పిల్లలు ఎంతదూరం వెళ్లగలరో మనకు తెలియనిది కాదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రీడాధికారులు గుళ్లూ పురాతన కట్టడాలూ లేని ఒక బండకొండను ఎంచి, అర్హులైన శిక్షకులను పిలిపించాలి. అక్కడ నిలబడ్డవారిని డార్జిలింగ్ లేదా ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థల ప్రాథమిక కోర్సుకు పంపాలి. దాతలు మొదటి చెక్కు ఆ కోర్సుకే ఇవ్వాలి. తర్వాతి చెక్కులో ప్రమాద బీమా, కొండ మీది నుంచి కిందికి తరలించే ఖర్చు కలపాలి. శిఖరం అందక తిరిగివచ్చినా శాలువా కప్పుతామని వెళ్లే ముందే ఆ పిల్లలకు చెప్పండి.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా