బోర్డు మీద లీజు, లోపల అప్పు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో ఇల్లు వెతికే మనవాళ్లకు రెండు రకాల బోర్డులు కనబడతాయి. 'ఫర్ రెంట్' అంటే నెలనెలా అద్దె. 'ఫర్ లీజ్' అంటే పదిహేను లక్షలో ఇరవై లక్షలో ఒకేసారి ఓనర్ చేతిలో పోసి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. అసలు ఇంగ్లిష్‌లో ఈ రెండు మాటలకూ పోటీ లేదు. ఇంట్లో ఉండే హక్కు ఇచ్చే ఒప్పందం లీజు, అందుకు కట్టే డబ్బు రెంటు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ చెప్పేదీ ఇదే.

బోర్డు మీది లీజును కన్నడిగులు 'భోగ్య' అంటారు. అనంతపురం, చిత్తూరు వైపు పొలం భోగ్యానికి పెట్టడం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. డబ్బిచ్చినవాడు అది తిరిగొచ్చేదాకా పొలం అనుభవిస్తాడు, వడ్డీ ఉండదు. చట్టంలో 58వ సెక్షన్ దీన్ని తనఖాల్లో చేర్చింది. తనఖా అయితే బాకీ తీరేదాకా ఇల్లు వదలక్కర్లేదు. ఉత్త లీజు అయితే గడువు తీరగానే దిగిపోవాలి, డబ్బు కోసం ఆ తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి. కానీ భోగ్యం తనఖాగా నిలవాలంటే రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. మనవాళ్లు స్టాంప్ పేపర్ మీద 'లీజ్ అగ్రిమెంట్' అని టైపు కొట్టించి, నోటరీ ముద్ర వేయించుకుని సరిపెట్టుకుంటున్నారు. ఏడాది దాటిన లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పదని బ్రోకర్ చెప్పడు. చెబితే ఆయన కమిషన్ వెనకబడుతుంది కదా!

ఆ ఇంటి మీద ముందే బ్యాంకు లోన్ ఉంటే ఇంకా టెన్షన్. తనఖాలో ఉన్న ఇంటిని లీజుకిచ్చేటప్పుడు ప్రీమియం (ఒకేసారి తీసుకునే మొత్తం) గానీ ముందస్తు అద్దె గానీ తీసుకోకూడదని, తనఖా పత్రంలో వేరే షరతు లేనప్పుడు, 65ఏ సెక్షన్ అంటుంది. ఓనర్ కంతులు ఆపేస్తే బ్యాంకు వాళ్లు తలుపుకి నోటీసు అంటిస్తారు. లోపలున్న కుటుంబం చేతిలో ఉండేది నోటరీ కాగితమే. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీశాం, ఏమీ లేదు అని ధైర్యపడేవాళ్లు ఉన్నారు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు, రిజిస్టర్ చేయకపోతే, ఈసీలో కనబడదు. అలాంటి తనఖాలు నమోదయ్యే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది. ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో భోగ్యానికి సులువైన నమూనా పత్రం ఒకటి పెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. ఈలోగా మీరు చేయగలిగింది కూడా ఉంది. మీ బెంగళూరు పేజీల్లోని ఇళ్ల ప్రకటనల్లో ఊరికే 'లీజుకు' అని వేయకండి. ఎంత డబ్బు, ఎన్నేళ్లు, ఇంటి మీద లోన్ ఉందా, రిజిస్ట్రేషన్ చేయిస్తారా అని ప్రకటన ఇచ్చినవాళ్లను అడిగి, వాళ్ల జవాబు కూడా అచ్చేయండి. జవాబు చెప్పలేక కొందరు ప్రకటన మానుకుంటారు. మానుకోనివ్వండి.

ఒక పాఠకుడు,
రామమూర్తినగర్, బెంగళూరు