పది అంతస్తులు, ఒక్క అరుగు లేదు

సంపాదకుడు గారికి,

‘గేటెడ్ కమ్యూనిటీలకు దీటుగా డబుల్ బెడ్‌రూం ఇళ్లు’ అంటూ పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివి అప్పుడే రాద్దామనుకున్నాను. ఈలోగా, సర్కారు పేదలకిచ్చిన అలాంటి ఇళ్లలోనే ఉన్న మా బ్లాకులో ఒక పెద్దాయన పోయారు. ఆయన సంగతే రాస్తాను.

ఆరో అంతస్తు. లిఫ్టులో మనిషిని పడుకోబెట్టే జాగా లేదు, మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో కట్టి కిందికి దించారు. దించి ఎక్కడ పెట్టాలి? కమ్యూనిటీ హాలుంది, దానికి తాళమూ ఉంది. చెవి ఏ సారు దగ్గరుందో వాచ్‌మన్‌కే తెలియదు. రెండు బైకులు జరిపి పార్కింగులోనే పడుకోబెట్టాం. మర్నాడు పదో అంతస్తు ఆయన అడిగాడు, ‘నిన్న షామియానా ఎందుకేశారు?’ అని. ఆయన్ని తప్పుపట్టను. ఇక్కడ ఎవరికి ఎవరు తెలుసు గనక!

మా పాత బస్తీని పొగడను. వానొస్తే మోకాల్లోతు నీళ్లలో మంచమెక్కి కూర్చున్నవాణ్ణి. 560 చదరపు అడుగుల పక్కా ఇల్లు ఇచ్చినందుకు దండం పెడతాను. కానీ కంప్యూటర్ లాటరీ తీసి గల్లీ మొత్తాన్ని పేకముక్కల్లా కలిపి పంచారు. ముప్పై ఏళ్లు మా గోడ పక్కనున్నావిడకు ఊరికి ఆ చివర వచ్చింది. సరే, కొత్తవాళ్లతోనైనా కలుద్దామంటే కూర్చునే చోటేది? ఆడవాళ్లు లిఫ్టు ముందు చాప వేసుకుంటే దారికి అడ్డమని లేపుతారు. పిల్లలు బంతి పట్టుకుంటే ‘ఇక్కడ ఆడరాదు’ అని బోర్డు. ఆ బోర్డు మాత్రం ఎంత టైముకు వచ్చిందో! లిఫ్టు రిపేరుకు పెట్టిన దరఖాస్తు మూడు నెలలుగా ఏ బల్ల మీదుందో.

కొల్లూరులో ఒక్కచోటే 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు కట్టారు. జనం లెక్కన అదొక టౌను. మాది అందులో పదోవంతు కూడా లేదు, అయినా ఊరే. ఊరన్నాక రచ్చబండ ఉండొద్దా?

మా మేనల్లుడు సింగపూర్‌లో ఉంటాడు. అక్కడ సర్కారు హౌసింగ్ బోర్డు (హెచ్‌డీబీ) కట్టిన బ్లాకుల్లో 1970ల నుంచీ కింది అంతస్తును కావాలనే ఖాళీగా వదిలారట. వాయిడ్ డెక్ అంటారు. మలయ్ వాళ్ల పెళ్లిళ్లు అక్కడే, చైనీయుల చావు కార్యాలు అక్కడే, ముసలివాళ్ల చదరంగమూ అక్కడే. మా కింది అంతస్తూ ఖాళీయే. తెల్లగీతలు గీసి కార్లకు నంబర్లేశారు. రిటైరైన కండక్టర్‌ని, నాకు కారు పార్కింగు!

సింగపూర్ మన వల్ల కాదంటారా, ఇండోర్ పోండి. అక్కడి అరణ్య కాలనీలో పేదల ఇళ్ల ముందు ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి 1980ల్లోనే ఓట్లా పెట్టారు. ఓట్లా అంటే మరేం కాదు, మన అరుగే. ఆయనకు 2018లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వస్తే అందరం మురిసిపోయాం. అరుగు మాత్రం ఎత్తేశాం. స్టడీ టూర్లకు పోయే సార్లు ఏం చూసొస్తారో, షాపింగ్ మాల్స్ కాబోలు.

మేం కోట్లు అడగడం లేదు. ఓ పదిహేను కారు గీతలు చెరిపి నాలుగు సిమెంటు బెంచీలు వేయండి. హాలు తాళంచెవి మహిళా సంఘానికి ఇవ్వండి. పెద్దాయన పెద్దకర్మ వచ్చే గురువారం. ఆలోగా చెవి దొరికితే కబురు చేయండి. లేదంటే మళ్లీ బైకులే జరుపుకుంటాం.

– ఒక విశ్రాంత కండక్టర్, హైదరాబాద్ శివారు