గలగలా మాట్లాడే పిల్లలకు స్పీచ్ థెరపిస్ట్ ఎందుకు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల లేఖ ఆటల పోటీల కబుర్లతో మొదలుపెడదామనుకున్నాను. కానీ మీ బిడ్డను ఒకసారి స్పీచ్ థెరపిస్ట్ చూడాలంటూ పోయిన సోమవారం మూడు, నాలుగు తరగతుల్లో కొందరు పిల్లల డైరీల్లో పెట్టి పంపిన చీటీ గురించి మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చాక వేరే దేనితోనూ మొదలుపెట్టలేకపోతున్నాను. "మా వాడికి నత్తి లేదు, ఇంట్లో ఒక్క నిమిషం నోరు మూయడు, వాడికి స్పీచ్ థెరపీ ఏమిటి మేడమ్?" అని ఒక నాన్నగారు గేటు దగ్గరే నిలబెట్టి అడిగారు. ఇంకో అమ్మగారు ఆ చీటీ చూసి రాత్రంతా నిద్రపోలేదట. ఆ చీటీ రాసింది నేనే. అంత ముఖ్యమైన విషయాన్ని రెండు వాక్యాల్లో తేల్చేసి పిల్లల చేతికిచ్చి పంపడం నా పొరపాటు, ముందు మిమ్మల్ని పిలిచి మాట్లాడాల్సింది. మీకు కలిగిన టెన్షన్‌కు క్షమించండి. ఇప్పుడు చెప్తాను, కాస్త పొడుగ్గానే.

మన పిల్లలను చూసే ఆవిడను వాడుకలో స్పీచ్ థెరపిస్ట్ అనేస్తాం గానీ ఆవిడ వృత్తి పూర్తి పేరు స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్. అందులో రెండో మాట లాంగ్వేజ్, అంటే భాష. నత్తి, ఉచ్చారణ ఆవిడ పనిలో ఒక భాగమే. విన్నది అర్థం చేసుకోవడం, కొత్త మాట పట్టుకుని గుర్తుంచుకోవడం, వాక్యం కూర్చడం, జరిగిన సంగతిని ఒక వరసలో చెప్పడం, ఇవన్నీ కూడా ఆవిడ చూస్తారు. చదువు, రాత ఈ పునాది మీదే లేస్తాయి. ఇది మా స్కూలు కనిపెట్టిన వింత పద్ధతి కాదు. పిల్లల చదవడం, రాయడంలో ఈ నిపుణుల బాధ్యతలు ఏమిటో అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2001లోనే స్పష్టంగా రాసిపెట్టింది. అంతకుముందే 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న లెక్క చెప్పారు: అక్షరాలను కూడబలుక్కుని పలకగలగడాన్ని, భాషను అర్థం చేసుకోగలగడాన్ని గుణిస్తే వచ్చేదే చదవడం. గమనించండి, కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే.

మీలో చాలామందికి అనుమానం ఉన్నది ఇక్కడే కాబట్టి మన తెలుగులోంచే చెప్తాను. ఒక బాబు 'గడ్డి' అని రాయమంటే 'గడి' అని రాస్తాడు. ఇంట్లో ఏం చేస్తారు? వత్తు మర్చిపోయావని యాభైసార్లు రాయిస్తారు. యాభైసార్లూ రాస్తాడు, మర్నాడు 'చెట్టు' బదులు 'చెటు' రాస్తాడు. వాడికి వత్తు రాయడం రాక కాదు, ఆ రెండు మాటల మధ్య నొక్కులో ఉన్న తేడాను వాడి చెవి ఇంకా విడదీయలేకపోతోంది. థెరపిస్ట్ వచ్చి పుస్తకం మూయించి, 'గడి', 'గడ్డి' పలుకుతూ ఏది విన్నావో బొమ్మ చూపించమంటారు, చప్పట్లు కొట్టిస్తారు, మాటలో ఒక ముక్క తీసేస్తే ఏం మిగులుతుందో అడుగుతారు. బయటనుంచి చూసేవాళ్లకు అది ఆటలా ఉంటుంది. "పిల్లల్ని క్లాసులోంచి తీసుకెళ్లి ఆడిస్తున్నారు" అని ఒకరు గ్రూపులో రాశారు, అది చూసి నాకు బాధ కలిగింది. అది ఆట కాదండీ, పని. ఇంగ్లీషుకొచ్చేసరికి ఈ పని ఇంకా కష్టం. మన లిపిలో హల్లు, అచ్చు కలిసి ఒకే అక్షరమవుతాయి, అక్కడ ఒక్కో ధ్వనికీ విడిగా అక్షరం కావాలి. 'స్టాప్' అన్న మాటలో నాలుగు ధ్వనులున్నాయని తెలుగు బాగా చదివే పిల్లలకు కూడా వెంటనే తట్టదు.

ఇక అర్థం సంగతి. 'చదివించలేకపోయారు' అన్న ఒక్క మాటలో ఎన్ని ముక్కలున్నాయో చూడండి: చదవడం ఉంది, వేరేవాళ్లచేత చేయించడం ఉంది, కుదరకపోవడం ఉంది, చేసింది ఎవరో, ఎప్పుడో కూడా ఉంది. మనకు అలవాటు కాబట్టి తెలియదు. కొందరు పిల్లలు ఇలాంటి మాట ఎదురుకాగానే మొదటి రెండక్షరాలు చూసి మిగతాది ఊహించేస్తారు. మాటను ముక్కలుగా విప్పి, ఏ ముక్క ఏం చెబుతోందో చూపించడం కూడా ఈ నిపుణుల పనే. లెక్కల్లోనూ ఇదే గొడవ. "రవి దగ్గర 12 గోళీలున్నాయి, అవి గీత దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ, గీత దగ్గర ఎన్ని?" అని అడిగితే 'ఎక్కువ' అన్న మాట కనబడగానే కూడేసి 17 అని రాసే పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లకు కూడిక, తీసివేత రెండూ వచ్చు. రానిది ఆ వాక్యం. అలాంటి పిల్లలను లెక్కల ట్యూషన్‌కు పంపితే ఏమిటి ప్రయోజనం?

థెరపిస్ట్ చేసే పరీక్షలో ఏముంటుందని అడిగారు. సూదులూ మందులూ ఏమీ లేవు. అర్థం లేని కొత్త మాట ఒకటి చెప్పి తిరిగి అనమంటారు, బొమ్మలు చూపించి కథ చెప్పమంటారు, ఒక చిన్న పేరా చదివి వినిపించి ప్రశ్నలడుగుతారు, పాత నోటుపుస్తకాలు తెరిచి ఏ తప్పులు మళ్లీమళ్లీ వస్తున్నాయో చూస్తారు. అవసరమనిపిస్తే ముందు చెవి పరీక్ష చేయించుకుని రమ్మంటారు, చెవిలో నీరు చేరి కొన్నాళ్లపాటు సరిగా వినబడని పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి. ఐదారేళ్ల పిల్లల్లో వందకు సుమారు ఏడుగురికి వేరే ఏ కారణమూ లేకుండానే భాష నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంటుంది. వీళ్లలో చాలామంది బయటికి మామూలుగానే మాట్లాడతారు, అందుకే మనకు కనబడరు. చీటీ అందిన ప్రతి బిడ్డకూ ఇలాంటిదేదో ఉందని అర్థం కాదు. ఒకసారి చూడాలని మాత్రమే అర్థం. టీచర్ల పనిని ఆవిడ లాక్కోవడం లేదు, అక్షరాలు నేర్పేది మన టీచర్లే. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో ఇద్దరూ కలిసి పట్టుకుంటున్నారు.

మధ్యలో మిగతావి చెప్పేస్తాను: లైబ్రరీ పుస్తకాలు ఈ శుక్రవారంలోగా తిరిగివ్వాలి, మూడో శనివారం సెలవు, ఐడీ కార్డు పోయినవాళ్లు ఆఫీసులో చెప్పండి.

ఇప్పుడు నాకు సంతోషం కలిగించిన విషయం. ఇద్దరు పిల్లల గురించి వాళ్ల ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. నిరుడు ఐదో తరగతిలో ఒక పాప ఉండేది. రాయమంటే "వెళ్లాం. ఆడాం. వచ్చాం." అంతే. పేజీలో మూడు లైన్లు. థెరపిస్ట్ ఆ పాపతో నెలల తరబడి రాత జోలికి పోకుండా కథలు చెప్పించారు: ఎవరు, ఎక్కడ, ఏం ఇబ్బంది వచ్చింది, ఏం చేశారు, చివరికి ఏమైంది. తర్వాత 'ఎందుకంటే', 'అయినా', 'కాబట్టి' అన్న మాటలతో వాక్యాలు కలపడం. ఈ నెల ఆ పాప తమ్ముడితో జరిగిన గొడవ గురించి రెండు పేజీలు రాసింది. అందులో "తప్పు నాదే, అయినా వాడే సారీ చెప్పాడు, ఎందుకంటే నేను ఏడుస్తున్నాను" అన్న వాక్యం చదివి స్టాఫ్ రూములో నేను పైకి చదివి వినిపించకుండా ఉండలేకపోయాను. ఇంకో అబ్బాయి నాలుగో తరగతి, పైకి చదవమంటే కడుపునొప్పి అనేవాడు. బుధవారం ప్రార్థన సమయంలో ఆ రోజు వార్తలు చదివాడు. మూడుచోట్ల ఆగాడు, మూడుసార్లూ తనే సరిదిద్దుకుని ముందుకెళ్లాడు. చదివి దిగాక నా వైపు చూశాడు. ఆ చూపు నాకు చాలా రోజులు గుర్తుంటుంది.

ఇక మీతో కొంచెం మనసు విప్పి మాట్లాడాలి, దయచేసి నొచ్చుకోకండి. హోంవర్కులో కొన్ని పేజీలు పెద్దవాళ్ల చేతిరాత అని మాకు తెలుస్తూనే ఉంటుంది. మీరు ప్రేమతోనే చేస్తారు, కాదనను, కానీ తప్పుల్లేని పుస్తకం వస్తే ఇబ్బంది ఎక్కడుందో మేమెలా కనిపెట్టాలి? తప్పులతోనే పంపండి. పిల్లవాడు చెప్పబోతుంటే మాట అందించేసి వాక్యం మీరే పూర్తి చేయకండి, పది క్షణాలు ఆగితే వాళ్లే చెప్తారు. మీటింగుకు వచ్చినప్పుడు కూడా నేను పిల్లలను అడిగిన ప్రశ్నకు మీరే జవాబిస్తున్నారు. బద్ధకం, మొద్దు అన్న మాటలు వాళ్ల ముందు అనకండి, ఇది బతిమాలి చెబుతున్నాను. ఇంగ్లీషు రావాలని ఇంట్లో తెలుగు మానేసి, మీకే సరిగా రాని భాషలో పొడిపొడిగా మాట్లాడడం ఎవరికీ మేలు చేయదు. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే కబుర్లు చెప్పండి, అందులో బలపడిన మాట రెండో భాషకూ పనికొస్తుంది. రాత్రి ఓ పావుగంట ఫోను పక్కన పెట్టి ఏదైనా చదివి వినిపించండి. వాళ్లు సొంతంగా చదవగలిగినా సరే చదివి వినిపించండి, ఎందుకంటే వాళ్లు చదవగలిగే పుస్తకాల కంటే విని అర్థం చేసుకోగలిగేవి ఎక్కువ. అక్షరాలు తిరగేసి రాస్తే వెంటనే డిస్లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఉండే ఒక ఇబ్బంది) అని నెట్‌లో చూసి మీరే తేల్చేయకండి, చిన్న తరగతుల్లో చాలామంది అలా రాస్తారు.

వచ్చే శనివారం ఉదయం 10 గంటల నుంచి థెరపిస్ట్, క్లాస్ టీచర్లు, నేను మూడో తరగతి గదిలో ఉంటాం. చీటీ అందినవాళ్లే కాదు, అనుమానం ఉన్నవాళ్లెవరైనా రావచ్చు, ఇద్దరూ వస్తే ఇంకా మంచిది. మీరు ఒప్పుకుని సంతకం పెట్టేదాకా ఏ బిడ్డకూ పరీక్ష చేయం. వచ్చేటప్పుడు నిరుటి నోటుపుస్తకం ఒకటి, ఈ ఏడాదిది ఒకటి తీసుకురండి. మీరు దిద్దనివి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు