ఉత్తరేణి గింజలు

ఒంగోలు,
మంగళవారం రాత్రి.

చిరంజీవి అరుణ్‌కు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున నాన్న ఆశీర్వదించి వ్రాయు ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీవు, సునీత, దీవెన కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నీవు నవ్వుకుంటావని నాకు తెలుసు. ఫోనులో నీవు "బాగున్నాం నాన్నా, అమ్మకివ్వండి" అంటావు. అమ్మకిస్తే "బాగున్నామమ్మా, మళ్ళీ చేస్తాను" అంటావు. ఆ రెండు ముక్కలైనా వినబడి నాలుగు ఆదివారాలు దాటింది. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి వీలుండదు. పైగా ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద వ్రాసిన చేయి కదా, ఊరికే ఉండలేదు.

ఇక్కడి విశేషాలు చెప్పుకోదగినవేమీ లేవు. బోరు మోటారు కాలిపోతే రీవైండింగుకు ఇచ్చాము. రెండు రోజులన్నవాడు ఆరు రోజులు తిప్పాడు. వెనకవైపు జామచెట్టు ఈసారి విరగకాసింది గాని కాయలన్నీ చిలకలపాలే. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు, అయినా మోకరించడం మానదు. పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి మోకాళ్ళ కింద పెట్టుకుంటుంది. ప్రార్థన అయ్యాక మంచంకోడు పట్టుకొని, ఒక కాలు, తరువాత ఇంకొక కాలు చొప్పున లేస్తుంది. కుర్చీలో కూర్చొని చేసుకోవచ్చు గదా, దేవుడేమీ అనుకోడు అని చెప్పాను. "మీరు చేసుకోండి కూర్చొని" అన్నది. జనవరి 1న మందిరంలో నీ పేరున తాను తీసిన, బైబిలు వాక్యమున్న వాగ్దాన కార్డును గడియారం వెనక దోపి ఉంచి, శనివారం బూజు దులిపేటప్పుడల్లా బయటికి తీసి, చదివి, మళ్ళీ అక్కడే పెడుతున్నది.

పోయిన వారం మార్తమ్మత్త కొడుకు రవి వచ్చాడు. హైదరాబాదు కబుర్లు చాలా చెప్పాడు. ఆ మాటల మధ్యన, బుధవారం పదకొండు గంటల వేళ కూకట్‌పల్లిలో ఒక పార్కు పక్కగా పోతూ అరుణ్ బావను చూశానని, ఆఫీసు బ్యాగు పక్కన పెట్టుకొని బెంచీ మీద కూర్చొని ఉన్నాడని, తన వెనక బండివాడు హారన్ కొడుతుంటే ఆగలేకపోయానని అన్నాడు. ఆ రోజు నీకు సెలవై ఉండవచ్చు. ఇంటి నుంచి పని చేసే రోజై ఉండవచ్చు. ఇప్పటి ఉద్యోగాల పద్ధతులు నాకు తెలియవు. కనుక ఆ సంగతి నేను అడగడం లేదు. నేను వ్రాయదలచుకున్నది వేరు.

క్రితంసారి నీవు వచ్చినప్పుడు, రాత్రి కుటుంబ ప్రార్థనకు పిలిస్తే నీవు ఫోను చూసుకుంటూ వరండాలోనే ఉండిపోయావు. తరువాత నేను అడిగితే, "అది మీకు పనిచేస్తుంది నాన్నా, నాకు పనిచేయదు" అన్నావు. ఆ మాట అప్పుడు నాకు కోపం తెప్పించింది, ఇప్పుడు కోపం లేదు. కాని పనిచేయడం, చేయకపోవడం మోటారుకు చెప్పే మాట. ప్రార్థనను మోటారులా చూస్తే ఎవరికైనా అది సగం రోజులు కాలిపోయే ఉంటుంది, నాకైనా.

నీకు ఆరేళ్ళప్పుడు భుజాల మీద ఎక్కించుకొని ప్రార్థన కొండకు తీసుకుపోయి చెప్పిన కథ నీకు గుర్తుండే ఉంటుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కినవారు అయిదుగురే: నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. కింద ఉన్న ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని అడిగారు. ఆ మిషనరీగా క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ళు. ఈలోగా అమెరికాలోని పెద్దలు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామని కూడా ఆలోచించారు. మన సంఘంలో ప్రసంగీకులు ఆ ప్రార్థనను చెప్పి, వెంటనే 1878 జులై 3కు దూకి, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి చెప్పి కూర్చుంటారు. ఆ అంకె నాకూ ఇష్టమే. కాని నా మనసు ఎప్పుడూ ఆ పన్నెండేళ్ళ దగ్గరే ఆగుతుంది. కొండ దిగి ఇంటికి వచ్చిన రూతు ఆ సాయంత్రం పొయ్యి రాజేసుకొని వంట చేసుకునే ఉంటుంది గదా. మరుసటి రోజు, ఆ మరుసటి ఏడు, ఏ దొరా రాలేదు. ఆమె ఏమనుకున్నదో ఎవరూ వ్రాసిపెట్టలేదు.

ఇంకొక సంగతి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని జనానికి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని వచ్చినవారిని, కరువు తీరేదాకా ఆగమని వెనక్కు పంపారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని అలా చేశారు. కాని అన్నం అడగడం తప్పు అనలేదు. అన్నం వేరుగా పెట్టారు. మన ఇంట్లో ఈ తేడా తెలిసినవాడు మీ తాత ఒక్కరే. నాకు ఆయనే నేర్పవలసి వచ్చింది. ఆ సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. తండ్రి కొడుకుకు చెప్పుకునే సంగతి కాదని ఊరుకున్నాను.

1986లో, మీ అక్క కడుపులో ఉండగా, నేను పనిచేస్తున్న బడిలో నా పోస్టుకు ఆమోదం రాలేదని, జులై నుంచి రానవసరం లేదని చెప్పారు. ఆ బడి పేరు ఇప్పుడెందుకు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. మరునాడు ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, మీ అమ్మ ఇచ్చిన క్యారేజీ సైకిలు హ్యాండిలుకు తగిలించుకొని బయలుదేరాను. బడి దారిలో కొంత దూరం వెళ్ళి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకొని సైకిలు తిప్పాను. కొండ కింద ఒక టీకొట్టు దగ్గర దాన్ని పెట్టి, పైకెక్కి, ఒక బండ నీడన కూర్చున్నాను. అలా పందొమ్మిది రోజులు.

మొదటి మూడు రోజులు గొప్పగా ప్రార్థించాను, కన్నీళ్ళతో సహా. నాలుగో రోజుకు మాటలు అయిపోయాయి. ఆ తరువాత బేరం మొదలుపెట్టాను: ఉద్యోగం తిరిగి ఇప్పిస్తే మొదటి నెల జీతమంతా కానుక వేస్తానని, ఆదివారం బడి మానకుండా చెబుతానని. తరువాత అదీ విసుగు పుట్టి, మద్రాసు వైపు ఎన్ని రైళ్ళు పోయాయో, బెజవాడ వైపు ఎన్ని పోయాయో లెక్కపెట్టాను. పెరుగన్నం ఎండకు పులిసి వాసన వచ్చేది, అయినా తినేవాణ్ణి. క్యారేజీ ఖాళీగా ఇంటికి చేరాలి గదా. నాలుగున్నరకు ముఖం కడుక్కొని, అలసిపోయిన పంతులు ముఖం పెట్టుకొని ఇంటికి వచ్చేవాణ్ణి. పిల్లలు ఎలా చదువుతున్నారని మీ తాత అడిగితే, బాగానే చదువుతున్నారని చెప్పేవాణ్ణి. ప్రార్థన కొండ మీద కూర్చొని వచ్చి, ఇంట్లో రోజుకొక అబద్ధం.

కనిపెట్టింది మీ నాయనమ్మ. బట్టలు ఉతికేటప్పుడు నా ప్యాంటు కాళ్ళ అంచుకు ఉత్తరేణి గింజలు అంటుకొని కనబడ్డాయట. ఒక రోజు తీసేసింది, రెండో రోజు తీసేసింది. వారమంతా అవే గింజలు. బడి ఆవరణలో ఉత్తరేణి ఎక్కడిది? ఆమె చదువుకోలేదు గాని ఏ మొక్క ఎక్కడ మొలుస్తుందో తెలుసు. ఇరవయ్యో రోజు పొద్దున నేను బండ దగ్గరికి చేరేసరికి మీ తాత అప్పటికే అక్కడ కూర్చొని ఉన్నారు. ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు, పైపంచెతో మెడ తుడుచుకుంటున్నారు. నేను నిలబడిపోయాను. చాలాసేపటికి, "ఏం ప్రార్థిస్తున్నావు?" అని అడిగారు. "ఉద్యోగం" అన్నాను. "దానికి ఇంత ఎండలో ఇంత దూరం రావాలా? ఇంట్లో చెబితే అందరం కలిసి అడిగేవాళ్ళం గదా" అన్నారు. తిట్టలేదు. నా క్యారేజీ విప్పి, పైగిన్నెలో సగం నాకు పెట్టి, సగం ఆయన తిని, "పెరుగు పులిసింది, రేపటి నుంచి నిమ్మకాయ కలపమని చెప్పు" అన్నారు. రేపటి నుంచి రానవసరం లేదని అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఆ ఉద్యోగం తిరిగి రాలేదు, అరుణ్. పద్నాలుగు నెలల తరువాత జిల్లా పరిషత్ పాఠశాలలో వేరే ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారమే మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నా ప్రార్థన ఆలకించాడని, ఎర్ర సముద్రం దాటించాడని చాలా బాగా చెప్పాను. ఇంటికి వచ్చాక మీ తాత చెప్పులు విడుస్తూ, "పద్నాలుగు నెలలు ఇంట్లో బియ్యం నీ భార్య కుట్టుమిషను మీద నుంచి వచ్చాయి. గేదెను అమ్మింది మీ అమ్మ. అరువిచ్చింది సుబ్బయ్య కొట్టు. ఇవేవీ నీ సాక్ష్యంలో వినబడలేదేం?" అన్నారు. దేవుడు జవాబు ఇవ్వలేదని నేను కొండ మీద అలుగుతున్నప్పుడు కూడా ఆయన రోజూ అన్నం పెడుతూనే ఉన్నాడు, పెట్టినవారి చేతులు నేను చూడలేదు, అంతే.

ఇదంతా చదివి, నాన్న మళ్ళీ పాఠం మొదలుపెట్టాడని నీవు అనుకోవచ్చు. పాఠం చెప్పకూడదనే కూర్చున్నాను. అయినా రెండు మాటలు. ప్రార్థన రాకపోతే పెద్ద ప్రార్థన చేయనవసరం లేదు. బైబిలులో హన్నా బిడ్డ కోసం ప్రార్థించినప్పుడు పెదవులు కదలడమే గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీయే ఆమె మత్తులో ఉన్నదనుకున్నాడు. కోపంగా ఉంటే కోపంగానే చెప్పు, కీర్తనలలో ఎన్నో ఫిర్యాదులే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆహారం అడిగింది "నేడు" అని. ఈఎంఐ మిగిలిన పదకొండేళ్ళనూ ఒకే రాత్రి మోయవద్దు. పౌలు తన శరీరంలోని ముల్లులాంటి బాధను తీసేయమని ప్రభువును ముమ్మారు వేడుకున్నాడు, తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఆ జవాబు నాకు చాలా ఏళ్ళు నచ్చలేదు. ఇప్పటికీ కొన్ని రోజుల్లో నచ్చదు. నచ్చని రోజున కూడా ఆయనతోనే చెబుతాను, ఇంకెవరితో చెప్పను?

నీకు ఇంకొక భయం ఉండవచ్చు. ఇక్కడ చెబితే శుక్రవారం ఉపవాస కూడికలో నీ పేరు చదువుతారని, మధ్యాహ్నానికల్లా ఊరంతా "పాపం" అంటుందని. ఆ భయం అబద్ధం కాదు. ప్రార్థన మనవి ముసుగులో కబుర్లు మోసేవారు మన సంఘంలో ఉన్నారు, వారెవరో నీకూ తెలుసు. మీ అమ్మ మనవుల పెట్టెలో వేసిన చీటీ నేను చూశాను: "మా కుమారుని నిమిత్తము" అని మాత్రమే వ్రాసింది. పాస్టర్‌గారు వివరమడిగితే, దేవునికి తెలుసు లెండి అన్నదట. రవికి కూడా గట్టిగా చెప్పి పంపాను.

ఆ బెంచీ మీద కూర్చోవడం తప్పని నేను అనడం లేదు. ఒంటరిగా కూర్చోవద్దంటున్నాను. సునీతకు చెప్పావో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే ఈ ఉత్తరం అందిన రోజునే చెప్పు. ఆ అమ్మాయి మీ అమ్మ కంటే గట్టిది. ఇద్దరూ కలిసి అడగండి, మాటలు రాకపోతే ఊరికే పక్కపక్కన కూర్చోండి. మధ్యాహ్నం భోజనం మానకు. ఎండలో తిరిగి వచ్చి ఫ్రిజ్జు నీళ్ళు తాగకు, నీ గొంతు సంగతి నీకు తెలుసు.

ఆర్‌టీసీ కార్గోలో మియాపూరుకు ఒక అట్టపెట్టె పంపుతున్నాను. అందులో గోంగూర పచ్చడి, కందిపొడి, చిలకలు వదిలిన నాలుగు జామకాయలు ఉన్నాయి. పచ్చడి సీసా మూత వదులుగా ఉన్నది, నిలువుగానే దించు. మీ ఈఎంఐ అయిదో తారీఖున కదా. నీ ఖాతాలో కొంత వేశాను, చూసుకో. అది నా పింఛను డబ్బు కాదు, మీ అమ్మ చీటీ పాడిన డబ్బు, కనుక తిరిగి పంపదలచుకుంటే ఆమెకే ఫోను చేసి చెప్పుకోవలసి ఉంటుంది. ఆ పంచాయితీలో నేను రాను. శనివారం రావాలనిపిస్తే సింహపురి ఎక్కితే తెల్లవారకముందే దిగుతావు. స్టేషనుకు వస్తాను, ఆటోవాళ్ళు ఆ వేళ నోటికి వచ్చినంత అడుగుతున్నారు.

దీవెన దగ్గు తగ్గిందా? సంగతి వ్రాయి, లేదా వ్రాయించు.

మీ నాన్న