జెల్ కవర్ల అమ్మకం ఎందుకు ఆపేశామంటే

మా దుకాణంలో సైకిళ్లు కొన్నవారికి, మరమ్మతుకు ఇచ్చేవారికి నమస్కారం.

ఈ నెల నుంచి మేము జెల్ సీటు కవర్లు అమ్మడం లేదు. అద్దాల బీరువాలో ముందు వరుసలో కనిపించే ఆ కవర్లు ఏమయ్యాయని కొందరు అడిగారు కనుక, అసలు కారణాన్ని దాచకుండా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. సీటు మీద కూర్చుంటే నొప్పిగా ఉందని ఎవరు వచ్చినా, వారు సైకిల్ ఎలా తొక్కుతున్నారో ఒక్కసారైనా చూడకుండా, ఒక కవర్ తొడిగి పంపేయడం మాకు అలవాటైపోయింది. అది రెండు నిమిషాల పని, పైగా మాకు మిగులు కూడా బాగానే ఉండేది. నొప్పి మాత్రం చాలామందికి తగ్గలేదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో సౌర ఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చాక మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల తీరు మారింది. అంతకుముందు కూరగాయలకో, కాలనీలో ఒక చుట్టుకో వెళ్లేవారు పావుగంటలో దిగిపోయేవారు కాబట్టి సీటులోని లోపం బయటపడేది కాదు. ఇప్పుడు అదే సైకిల్ మీద, సిగ్నళ్లు లేని దారిలో, గంటకు పైగా ఒకే భంగిమలో కూర్చుంటున్నారు. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగి కాలు కింద పెట్టినప్పుడల్లా శరీరానికి దొరికే కాస్త విరామం అక్కడ దొరకదు.

నా కళ్లు తెరిపించినవారు పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకులు. మా దగ్గర ఒకదాని తర్వాత ఒకటిగా మూడు సీట్లు కొన్నారు. మూడోది వెనక్కి తెచ్చి, "బాబూ, మీ సీట్లు మెత్తబడేకొద్దీ నా తిమ్మిరి పెరుగుతోంది" అన్నారు. ఆయనను సైకిల్ ఎక్కించి, వెనక చక్రాన్ని స్టాండులో బిగించి తొక్కమని అడగడం అదే మొదటిసారి. ఆ పని మొదటి సీటు అమ్మిన రోజే చేసి ఉండవలసింది. సీటు ముక్కు పైకి లేచి ఉంది, సీటు దాదాపు మూడు సెంటీమీటర్లు కిందికి ఉంది, హ్యాండిల్ ఆయన చేతులకు మరీ దూరంగా ఉంది. సీటును మట్టంగా తిప్పి, పోస్టును, అంటే సీటు కింది గొట్టాన్ని, పైకి జరిపి, హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే స్టెమ్‌ను పొట్టిది వేశాము. సైకిల్‌తో పాటు వచ్చిన పాత గట్టి సీటునే ఆయన ఇప్పటికీ వాడుతున్నారు. మిగిలిన మూడింటి డబ్బు తిరిగి ఇచ్చేశాను.

మెత్తని సీటు ఎందుకు మోసం చేస్తుందో ఇక్కడ చెప్పాలి. సైకిల్ మీద మన బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద నిలవాలి. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు లోపలికి దిగిపోతాయి. వాటి మధ్యనున్న జెల్ పైకి ఉబ్బి, నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తని భాగాన్ని నొక్కుతుంది. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసినప్పుడు హాయిగా తోచిన సీటే పదో కిలోమీటరు దగ్గర తిమ్మిరి తెప్పిస్తుంది. కొత్తగా తొక్కేవారికి ఎముకల దగ్గర వచ్చే నొప్పి సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది కానీ, తిమ్మిరిని మాత్రం అలవాటు చేసుకోకూడదు. అమరిక మార్చినా అది తగ్గకపోతే నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మెత్తదనం కన్నా సీటు వెడల్పు ముఖ్యం. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి, దాని మీద కూర్చుని, కొంచెం ముందుకు వంగి, పాదాలను కాస్త పైకెత్తితే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. వాటి నడిమధ్యల మధ్య దూరం చాలామందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ కొలతకు సుమారు రెండు సెంటీమీటర్లు కలిపిన వెడల్పుతో వెతకడం మొదలుపెట్టవచ్చు. నిటారుగా కూర్చుని తొక్కేవారికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. మనిషి లావును చూసి ఈ కొలతను ఊహించలేము. మేము ఇన్నాళ్లూ చేసింది ఆ ఊహే. స్త్రీలలో ఈ దూరం సగటున ఎక్కువగా ఉంటుందని తెలిసి కూడా మా దగ్గర ఒకే ఇరుకు సైజు ఉంచి, ఫిర్యాదు చేసిన మహిళలకు దాని మీదే కవర్ తొడిగి పంపాము. వారికి నా క్షమాపణలు.

ఎత్తు విషయంలో తప్పు మాదీ, మీదీ. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనాలని కొనేవారు అడుగుతారు, మేము కాదనకుండా దించేస్తాము. అలా దించిన సీటు మీద కాళ్లు పూర్తిగా చాపుకోలేవు. బరువంతా సీటు మీదే పడుతుంది, మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. తొక్కుతుండగా నడుము అటూ ఇటూ ఊగితే సీటు మరీ ఎక్కువ లేచిందని అర్థం. ఆగినప్పుడు సీటు దిగి ముందుకు జరిగి నిలబడడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. పోస్టును మాత్రం దాని మీదున్న హద్దు గీత దాటి పైకి లాగకండి.

మా నాన్నగారి మరమ్మతు దుకాణంలో చూసిన 28 అంగుళాల చక్రాల పాత సైకిళ్లకు స్ప్రింగులున్న వెడల్పు సీటు ఉండేది. దాని మీద ఎవరూ బాధపడినట్టు నాకు గుర్తు లేదని కొందరితో వాదించాను కూడా. అయితే ఆ సైకిల్ మీద నిటారుగా కూర్చుంటారు, హ్యాండిల్ దగ్గరగా వంగి వస్తుంది. అదే సీటును ముందుకు వంగి తొక్కే గేర్ సైకిల్‌కు బిగిస్తే తొడలు ఒరుసుకుంటాయి. హ్యాండిల్ అందక ముందుకు జారి సీటు ముక్కు మీద కూర్చునేవారికి ఏ సీటు అమ్మినా ప్రయోజనం లేదు.

ఇకపై సీటు అడిగినవారికి ముందు అమరిక చూస్తాము. మా దగ్గర కొన్న సైకిల్‌కు ఉచితం, బయట కొన్నదానికి 300 రూపాయలు. దానికి దాదాపు గంట పడుతుంది కనుక ఆదివారం ఉదయం కాకుండా వేరే వేళ రండి. అప్పటికీ సీటు మార్చవలసి వస్తే మూడు వెడల్పుల్లో నమూనా సీట్లు ఉంచాము. పూర్తి ధరను బయానాగా ఉంచి పది రోజులు తొక్కి చూడవచ్చు, సరిపడకపోతే డబ్బు వాపసు ఇస్తాము. గత ఏడాదిలో మా దగ్గర జెల్ కవర్ కొన్నవారు బిల్లు లేకున్నా దానిని తెచ్చి ఇస్తే ఆ మొత్తం తిరిగి ఇస్తాము. వచ్చేటప్పుడు మీరు రోజూ సైకిల్ తొక్కే బూట్లూ, దుస్తులూ వేసుకునే రండి. చెప్పులతో చూసిన ఎత్తు బూట్లకు సరిపోదు.