కూరగాయల బండి ఆదివారం సాయంత్రం రావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

బెంగళూరు వర్తూరు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు, కుర్రాళ్ల బృందాలు రైతుల దగ్గర నేరుగా కూరగాయలు కొని కూలీల షెడ్లలో పంచుతున్నారు. 2020 లాక్‌డౌన్ నాటి అలవాటును వదిలిపెట్టనందుకు వాళ్లకు దండం పెట్టాలి. నా పేచీ అల్లా బండి వచ్చే వేళతోనూ, సంచిలో సరుకుతోనూ.

మా వీధి చివరి షెడ్లలో అనంతపురం, పాలమూరు వైపు వాళ్లే ఎక్కువ. పొద్దున 8 కాకముందే క్యారియర్లు పట్టుకుని పనికి పోతారు. బండేమో 11కి వస్తుంది. అప్పుడక్కడ మిగిలేది చంటిపిల్లలు, వాళ్లను కనిపెట్టుకునే ముసలమ్మలు. ఉన్నవాళ్లకు రెండేసి సంచులు, పనికెళ్లినవాళ్లకు మొండిచెయ్యి. పోయిన నెల ఒక సంచి విప్పి చూస్తే బ్రకోలీ, లెట్యూస్, మూడు రంగుల క్యాప్సికం! ఒక ముసలమ్మ లెట్యూస్‌ను అటూ ఇటూ తిప్పి, "ఇది పప్పులోకి పనికొస్తుందా నాయనా?" అనడిగింది. ఫ్రిజ్ లేదు, ఉన్నది ఒక్క పొయ్యి, వండేది పని నుంచి వచ్చాక చీకట్లో. వాళ్లకు కావలసింది టమాటా, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, వంకాయ, ఒక కట్ట తోటకూర. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పుణ్యమా అని కార్డున్నవాళ్లకు బియ్యం ఇక్కడే దొరుకుతోంది. తిప్పలంతా కూర దగ్గరే.

మా బావమరిది చింతామణి దగ్గర టమాటా వేస్తాడు. ధర పడిపోతే 15 కిలోల బాక్సుకు వచ్చేది కోత కూలికి, బాడుగకు, మండీ కమీషన్‌కే చాలదు, కాయను చెట్టు మీదే వదిలేస్తాడు. 2023 జులైలో కిలో 100 దాటినప్పుడు షెడ్లలో చింతపండు చారే గతి. సంఘాలవాళ్లు ధర పడినప్పుడు వచ్చి రైతును ఆదుకున్నామని ఫొటో దిగిపోవడం కాదు, నాట్లకు ముందే ఇద్దరు ముగ్గురు రైతులతో ఏడాది పొడుగునా ఒక ధర మాట్లాడుకోవాలి. పొద్దున కోసిన కాయ హొసకోట మీదుగా సాయంత్రానికి ఇక్కడుంటుంది.

శనివారం బటవాడా, ఆదివారం ఇంటిపట్టున ఉంటారు. ఆ సాయంత్రం బండి పెట్టి కిలోకు 5 రూపాయలైనా తీసుకోండి. 2017లో ఇక్కడి ప్రభుత్వ ఇందిరా క్యాంటీన్ మొదలైంది కూడా 5 రూపాయల టిఫిన్‌తోనే. డబ్బిచ్చి కొనేవాడు పుచ్చు వంకాయను పక్కనపడేసి మంచిది ఏరుకుంటాడు, ఊరికే పుచ్చుకునేవాడికి నోరుండదు.

1959లో ద్రాక్ష రైతుల సంఘంగా పుట్టి, ఇప్పుడు పండ్లు, కూరగాయలు అమ్మే సహకార సంస్థ హాప్‌కామ్స్ కూడా వారానికొక బండి ఇటు తిప్పితే బాగుంటుంది. గుంజూరు వైపు షెడ్లకు దారి తెలియకపోతే నేనే ఎక్కి చూపిస్తాను, ఉద్యోగమంతా ఈ రూట్లలోనే టికెట్లు కొట్టాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్ కండక్టర్,
వర్తూరు, బెంగళూరు