నవలాకారుడికి గంటన్నర ఇవ్వండి: ఒడిశా సంస్కృతి శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఒడిశా ప్రభుత్వ ఒడియా భాషా, సాహిత్య, సంస్కృతి శాఖ మంత్రిగారికి,

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు నమస్కరించి రాస్తున్నది.

మా జిల్లాల గ్రంథాలయాల్లో రచయితలతో ముఖాముఖి సభలు పెట్టించండి. చారిత్రక నవలలు రాసేవారిని ముందు పిలవండి. సభ తెలుగులోనూ ఒడియాలోనూ నడవాలి. సభ పెట్టండని అడగడం తేలికే. ఎలా పెడితే పనికొస్తుందో, ఎక్కడ చెడుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటే ఉండిపోయింది. అప్పటి నుంచి మా ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా. అమ్మమ్మ చెప్పే కథలో ప్రతి మాటా అర్థమయ్యే పిల్లలే, అదే కథ అచ్చులో చేతికిస్తే పేరు కూడా కూడబలుక్కోలేరు. పెద్దవాళ్లలో చదివేవాళ్లున్నారు, పిల్లల్లో తగ్గిపోయారు. లిపి రానివాళ్లకు నాలుగు వందల పేజీల నవల అలమరలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రాసినవాళ్లు ఎదురుగా కూర్చుని పావుగంట చదివి వినిపిస్తే అందులో ఏముందో తెలుస్తుంది. అక్షరాలు నేర్చుకోవాలన్న కోరిక అక్కడే పుడుతుంది.

చారిత్రక నవలే ఎందుకంటే, ఈ నేల చరిత్ర రెండు భాషల్లో రెండు రకాలుగా చెప్పుకుంటారు కాబట్టి. ఒడియా ఇళ్లలో ఒడిశా రాజు పురుషోత్తమ గజపతి కాంచీ విజయం కథ, తెలుగు ఇళ్లలో కృష్ణదేవరాయల కళింగ దండయాత్ర. ఒకే గదిలో రెండు కథలు విన్నవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. ఇది గొడవకు దారి తీస్తుందని అధికారులు జంకుతారు. జంకక్కర్లేదు, రచయిత ఆధారాలు పట్టుకుని వస్తే చాలు.

ఉదాహరణకు సింహాచలం శాసనం. 1516లో రాయలు ఆ గుడికి వచ్చి దేవుడికి 991 ముత్యాల హారం ఇచ్చాడని, రాణులు చిన్నాదేవి, తిరుమలదేవి కూడా కానుకలిచ్చారని అందులో ఉంది. ముత్యాల లెక్క రాతి మీద ఉంది. హారం వేస్తూ రాయలు ఏమనుకున్నాడో లేదు. మొదటిది శాసనం, రెండోది నవల. ఈ గీత ఎక్కడుందో సభలో రచయితే చూపించాలి. అందుకని పిలుపుతో పాటే ఒక షరతు పెట్టాలి: నవలలో ఏది ఆధారం, ఏది కల్పన అన్నది ఒక్క పేజీలో రాసి ముందే పంపాలి. ఆ పేజీ పంపడానికి ఇష్టపడనివారిని పిలవకపోయినా నష్టం లేదని మా అభిప్రాయం.

రెండు భాషలవాళ్లూ ఒకచోట ఉంటే రచయితకే లాభం. ఒడిశా గజపతి రాజుల శాసనాల్లో పాలన ఏళ్లు అంకాలనే ప్రత్యేకమైన లెక్కలో ఉంటాయి. ఆ లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసే అంకెలు ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కాబట్టి 8వ అంకం అంటే ఎనిమిదో ఏడు కాదు, ఆరో ఏడు. 25వ అంకం అంటే ఇరవై ఒకటో ఏడు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం ఏడు వచ్చేస్తుందని అలవాటైన తెలుగు రచయిత ఇక్కడ పప్పులో కాలేస్తాడు, యుద్ధం జరగాల్సిన ఏడు జరగకుండా నాలుగేళ్లు ముందుకో వెనక్కో పోతుంది. పంచాంగం చూసే ఒడియా పెద్దాయన ఎవరైనా సభలో ఉంటే నిమిషంలో పట్టేస్తారు. మలి ముద్రణకు ఇంతకంటే మంచి సవరణ దొరకదు. ఈ నేలకు శాసనాల చదువు కొత్తా కాదు: పాత గంగరాజుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని శాసనాలు చదివి చెప్పిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే కదా.

ఇక ఏర్పాట్లు. నవల కనీసం ఐదు ప్రతులు సభకు నెల ముందే గ్రంథాలయంలో ఉండాలి. ఎవరూ చదవని పుస్తకం మీద సభ పెడితే ప్రశ్నలు రావు, పొగడ్తలే వస్తాయి. పుస్తకాల కొనుగోలుకూ, సదస్సులకూ, ప్రదర్శనలకూ కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ రాష్ట్రాలకు సాయం ఇస్తుంది. జిల్లాల నుంచి వెళ్లే కోరికల జాబితాలో తెలుగు పుస్తకాలకు ఒక వరుస కేటాయించమని మీరు చెబితే సరిపోతుంది.

గంటన్నరకు మించి వద్దు. పరిచయం పది నిమిషాలు, రచయిత చదవడం పదిహేను, ఆధారాల గురించి మాట్లాడడం ఇరవై, దాని సారం ఒడియాలో పదిహేను, ప్రశ్నలకు ముప్పై. చదివే భాగం అచ్చులో ఐదారు పేజీలు. రచయితలు సాధారణంగా యుద్ధవర్ణన ఎంచుకుంటారు. పొడుగాటి సమాసాలు చెవికి ఆనవు, మూడో వాక్యానికే జనం ఫోన్లు తీస్తారు. సంభాషణలున్న ఘట్టం చదవమని ముందే చెప్పాలి. ఆ ఘట్టం సారాంశం ఒడియా లిపిలో ఒక కాగితం మీద అచ్చువేసి కుర్చీల మీద పెడితే చదువుతుండగా మధ్యలో ఆపి అనువదించే పని ఉండదు. ప్రసంగాన్ని వాక్యం వాక్యానికీ ఒడియాలో చెప్పిస్తే మాత్రం ఇద్దరి మాటా పాడవుతుంది. దుబాసీకి రాజుల పేర్లు, ఊళ్ల పేర్లు రెండు రోజుల ముందు ఇవ్వాలి.

సభలు నిజంగా చెడేది వేదిక దగ్గర. జ్యోతి ప్రజ్వలన, పదిమందికి పది శాలువాలు, ఒక్కొక్కరివి నాలుగేసి ముక్కలు, గంట ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథి. చివరికి రచయితకు మిగిలేది పది నిమిషాలు, అప్పటికి ఆఖరి బస్సు వేళ. వేదిక మీద ముగ్గురే ఉండాలని ఉత్తర్వులోనే రాయండి: రచయిత, మాట్లాడించేవారు, ఒడియాలో చెప్పేవారు. ముఖ్య అతిథి వస్తే ముందు వరుసలో కూర్చుంటారు. మంత్రిగారైనా సరే, మన్నించాలి.

పఠన మందిరాల్లో గోడలు బోసిగా ఉంటాయి, మాట గుయ్యిమంటుంది. ఒక పెద్ద బాక్సు కంటే రెండు చిన్నవి నయం. వాటిని మైకుకు ముందు, జనం వైపు తిప్పి పెట్టాలి. రచయిత వెనకాల పెడితే మైకు కూత పెడుతుంది. జనంలో తిప్పడానికి ఇంకో వైరులేని మైకు, దానికి కొత్త సెల్లులు. ఇన్వర్టరుకు లైట్లే కాదు, మైకు కూడా కలిపి ఉందో లేదో ముందురోజే చూసుకోవాలి. ప్రొజెక్టరు ఉంటే శాసనం నకలు చూపించొచ్చు. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, ఆరీ ఆరకముందే సిరా అద్ది తీసే నకలు అది, నల్లటి మీద తెల్లటి అక్షరాలు. పిల్లలు దాన్ని చూసేంత ఇదిగా ఉపన్యాసం వినరు.

ప్రశ్నలు చీటీల మీద, ఏ లిపిలోనైనా రాయనివ్వండి. మైకిచ్చి అడగమంటే ఒకరు ప్రశ్న పేరుతో పావుగంట ప్రసంగిస్తారు. రెచ్చగొట్టే చీటీని దాచేయక్కర్లేదు, దాన్నే ఆధారాల వైపు తిప్పి అడిగితే చాలు. పుస్తకాల బల్ల గుమ్మం బయట ఉండాలి, ముప్పై నలభై ప్రతులు, మిగిలినవి వెనక్కి పంపే ఒప్పందం మీద, రశీదు పుస్తకంతో సహా. లోపల పెడితే బేరం మాటలు సభలోకి వస్తాయి. రచయితకు దారి ఖర్చులు ఆ రోజే చేతికివ్వాలి. బిల్లు మూడు బల్లలు తిరిగొచ్చేసరికి వాళ్లు మళ్లీ ఈ దారి తొక్కరు.

మొదటి సభ నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పెట్టండి. పొద్దు తొందరగా వాలుతుంది కనుక మధ్యాహ్నం మూడున్నరకు మొదలెట్టాలి, గుణుపురం వైపు వెళ్లేవాళ్లకు బండి అందాలి. పర్లాకిమిడిలో ఒకటి, బరంపురంలో ఒకటి ఈ ఏడుకు చాలు. ఉత్తర్వులో ఇంకొక్క మాట తప్పకుండా ఉండాలి: పని వేళలు దాటాక హాలు తాళం ఎవరు తీస్తారు, అనుమతి మీద ఎవరు సంతకం పెడతారు. ఇది రాయకపోతే పైన చెప్పినవన్నీ సిద్ధంగా ఉన్నా జనం మెట్ల మీదే కూర్చుంటారు.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు